ఆసుపత్రిలో సమానాదరణ: నేత కుటుంబాలవారు తెలిసికొనవలసిన కొన్ని సంగతులు

సంఘ కార్యాలయానికి నూలు కోసం, కూలి లెక్కల కోసం వచ్చే సభ్యులు కొంతకాలంగా ఆసుపత్రి కాగితాలు కూడ వెంట తెస్తున్నారు. "ఇందులో ఏమి రాసినారో కాస్త చూసి చెప్పండి" అని అడుగుతారు. మేము వైద్యులము కాము. చదివినది మెట్రిక్యులేషన్ వరకే. అయినా ఆ కాగితాలు చూడగా చూడగా ఒక సంగతి తేటపడింది. మనవారికి వైద్యం అందకపోవడానికి ఆసుపత్రి లేకపోవడమే ఎల్లప్పుడు కారణం కాదు. ఆసుపత్రి ఉన్నది, డాక్టరు ఉన్నాడు, మందు ఉన్నది. కాని రోగి మాట డాక్టరు దాకా పోదు, డాక్టరు మాట రోగి దాకా రాదు. లేదా కార్డులో పేరుండదు. లేదా మెట్లెక్కే శక్తి ఉండదు. ఆసుపత్రిలో అందరికీ సమానాదరణ కావలెనని సభలలో అంటూ ఉంటారు. ఆ మాటకు మన ఇండ్లలో ఏమి అర్థమో విడదీసి చెప్పుదామని ఈ వ్యాసం.

సమానంగా చూడడమంటే అందరినీ ఒకే మాదిరిగా చూడడమని పైకి తోస్తుంది. మగ్గం మీద కూర్చున్నవారికి అది నిజం కాదని వేరే చెప్పనక్కరలేదు. 40 నంబరు నూలుకూ 100 నంబరు నూలుకూ ఒకే పన్నె పెట్టి, ఒకే గంజి పట్టించి, రెండింటినీ సమానంగా చూచితిమంటే సన్ననూలు పోగు పోగుకూ తెగుతుంది. తప్పు నూలుది కాదు. ఆసుపత్రి తలుపు అందరికీ ఒకే విధంగా తెరచియుంచినా, కొందరు దానిగుండా లోపలికి రాలేరు. వారిని రప్పించడానికి ఏమి చేయవలెనో ఆలోచించడమే సమానాదరణ.

ఇది కొత్త ఆలోచన కాదు. వెనుకటి మద్రాసు నగరంలో పెద్దాసుపత్రి స్త్రీలకు మూసిలేదు. అయినా పురుష డాక్టరుకు చూపించుకోవడం కిట్టని స్త్రీలు, గోషా పాటించే స్త్రీలు, ఇంటిలోనే కనేవారు, కష్టమైతే ఇంటిలోనే పోయేవారు. 1875లో మద్రాసు వైద్య కళాశాలలో చేరిన మొదటి నలుగురు స్త్రీలలో మేరీ షార్లీబ్ ఒకరు. ఆమె పూనికతో 1885లో ఇటువంటి స్త్రీలకోసం ప్రత్యేకంగా ఒక ఆసుపత్రి వెలిసింది. దాని భవనానికి వెంకటగిరి రాజావారు విరాళమిచ్చారు. వెంకటగిరి పేరు మన వృత్తివారికి వేరే పరిచయం చేయనక్కరలేదు గదా. దానికి 'విక్టోరియా కాస్ట్ అండ్ గోషా' ఆసుపత్రి అని పేరు పెట్టారు. కులం మాట ఆసుపత్రి పేరులో ఉండడం ఈనాడు చెవికి ఇంపుగా ఉండదు, ఉండరాదు కూడ. కాని, రానివారిని నిందించక, వారు ఎందుకు రావడం లేదని అడిగిన పద్ధతి మాత్రం మెచ్చదగినది. తిరువల్లిక్కేణిలోని ఆ ఆసుపత్రి తరువాత కస్తూర్బా గాంధీ పేరు ధరించి అన్ని వర్గాల స్త్రీలకూ పురుడు పోస్తున్నది.

ఇక చట్టం సంగతి. డబ్బు ఇచ్చుకోలేని కారణంచేత ఎవరికీ తగిన వైద్యం అందకుండా పోరాదని 1946లోనే సర్ జోసెఫ్ భోర్ కమిటీ తన నివేదికలో చెప్పింది. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దుచేసింది. దాన్ని అనుసరించి వచ్చిన 1955 నాటి చట్టం, అంటరానితనం పేరుతో ఆసుపత్రిలో గాని మందులశాలలో గాని చేర్చుకోననడం నేరమని స్పష్టంగా చెప్పింది. చేర్చుకున్న తరువాత వేరుగా చూడడం కూడ నేరమే. 1976లో దీనికే పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చారు. ఇందులో ఒక మాట మన సంఘాలవారు గుర్తుంచుకోదగినది. ప్రజలందరికోసం పెట్టిన ఆసుపత్రులకే గాక, ప్రజలలో ఏదో ఒక వర్గంవారికోసం పెట్టిన ఆసుపత్రులకు కూడ ఇది వర్తిస్తుంది. దీని సంగతి ముందుకు చెబుతాము.

1992 జూలైలో పశ్చిమ బెంగాలులో ఒక కూలి రైలు నుండి జారిపడగా తలకు పెద్ద దెబ్బ తగిలింది. పడకలు ఖాళీ లేవనీ, సౌకర్యం లేదనీ ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని వెనుక ఒకటి అతన్ని పంపివేశాయి. చివరకు ప్రైవేటు ఆసుపత్రిలో సొంత డబ్బు పెట్టుకుని బాగుచేయించుకున్నాడు. అతనూ అతని కూలిసంఘమూ కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1996లో తీర్పు వచ్చింది. ప్రాణాపాయంలో ఉన్న మనిషికి సకాలంలో వైద్యం ఇవ్వకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును భంగపరచడమేనని కోర్టు చెప్పింది. డబ్బు చాలకనో, వసతులు చాలకనో ప్రభుత్వం ఈ బాధ్యత తప్పించుకోరాదన్నది. అతనికి 25,000 రూపాయలు పరిహారం ఇప్పించింది. వంటరి మనిషిగా అతను ఢిల్లీ దాకా పోగలిగేవాడా అని మాకు అనుమానమే. వెనుక సంఘం ఉన్నది కనుక పోయినాడు.

మన విషయంలో అన్నిటికంటె పెద్ద చిక్కు భాష. షోలాపురంలోనూ భివండిలోనూ మన పిల్లలు మరాఠీ చక్కగా మాట్లాడతారు. సేలములో తమిళం, బళ్ళారిలో కన్నడం, బరంపురంలో ఒడియా కూడ అంతే. కాని నొప్పి వచ్చినపుడు ముసలివారి నోట తల్లిభాషే వస్తుంది. మార్కెట్టులో బేరమాడడానికి సరిపోయే పరభాష, రొమ్ములో ఎట్లా ఉన్నదో చెప్పడానికి సరిపోదు.

ఒక చిన్న ఉదాహరణ. ముసలమ్మ తనకు తాపంగా ఉన్నదంటుంది. మన మాటలో అది దాహమూ, ఒంటి వేడిమీ. మరాఠీలో 'తాప్' అంటే జ్వరమే. థర్మామీటరు పెట్టి చూస్తే జ్వరం లేదు. చీటీలో జ్వరం లేదని రాసి పంపుతారు. ఆగని దాహం చక్కెర జబ్బుకు గుర్తని డాక్టరుకు తెలియక కాదు. దాహమనే మాట ఆయన చెవిని పడనే లేదు. అదే విధంగా తమిళంలో 'వలి' అంటే నొప్పి, 'వలిప్పు' అంటే మూర్ఛ. తడబడి ఒకటి అనబోయి ఒకటి అంటే వైద్యం దారి మారిపోతుంది. కాలు తిమ్మిరెక్కుతున్నదని మనం అనేదాన్ని మరాఠీవారు 'ముంగ్యా' వస్తున్నాయంటారు, అంటే చీమలు. తెలియనివాడు చీమలెక్కడివని కాళ్లు చూసుకుంటాడు. నవ్వులాటగా ఉన్నా, ఆ తిమ్మిరి చక్కెర జబ్బువల్ల నరాలు చెడుతున్న గుర్తు కావచ్చు, కుష్ఠువ్యాధికి తొలిగుర్తూ కావచ్చు. ఆ ఒక్క మాట పట్టుబడితే కాలు దక్కుతుంది.

పిల్లలను దుబాసీలుగా వెంటబెట్టుకుపోవడం మన ఇండ్లలో మామూలైపోయింది. దీనిని మేము గట్టిగా అడ్డగిస్తున్నాము. ఒక ఊరిలో ఒక తల్లి నెలల తరబడి రక్తస్రావంతో బాధపడుతూ, ఆరవ తరగతి చదివే కూతురిని వెంటబెట్టుకుని ఆసుపత్రికి పోయింది. ఆ ఊరిపేరు, ఆసుపత్రి పేరు ఇక్కడ అనవసరం. కూతురితో ఆ మాట ఎట్లా చెప్పించుతుంది? కడుపు నొప్పి అని మాత్రం అన్నది. కడుపు నొప్పికే మందులిచ్చారు. మూడుసార్లు పోయి మూడుసార్లు అవే బిళ్లలు తెచ్చుకున్నది. చివరకు కండెలు చుడుతూ చుడుతూ పడిపోతే, ఆడబిడ్డ వెంటపోయి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. రెండు సీసాల రక్తం ఎక్కించవలసి వచ్చింది. తల్లి దక్కింది. కాని ఆ పిల్ల, "నేను సరిగా చెప్పలేదా?" అని చాలా రోజులు కుమిలిందని విన్నాము. ఆ భారం పిల్లమీద పెట్టిన పెద్దలూ, పిల్లను ఎదుట నిలబెట్టి ప్రశ్నలు వేసిన ఆసుపత్రివారూ ఇద్దరూ ఆలోచించుకోవలసినదే.

రోగికి తెలిసిన భాషలో, అతనికి అర్థమయ్యే విధంగా జబ్బు సంగతి చెప్పడం ఆసుపత్రి చేసే దయ కాదు. జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో రోగుల హక్కులు 17 గా కూర్చి ఒక పత్రం తయారుచేసింది. 2019లో కేంద్ర ఆరోగ్యశాఖ దాన్ని అమలుచేయవలసిందిగా రాష్ట్రాలకు రాసింది. తెలిసిన భాషలో వివరం పొందే హక్కు అందులో ఉన్నది. కులమత లింగ భేదాలు లేకుండా వైద్యం పొందే హక్కు, స్త్రీని పురుష డాక్టరు పరీక్షించేటప్పుడు మరొక స్త్రీ దగ్గర ఉండవలెననే హక్కు కూడ ఉన్నాయి. కౌంటరు దగ్గర గొడవపడనక్కరలేదు. "మాకు మరాఠీ సరిగా రాదు, తెలుగు తెలిసిన నర్సమ్మ ఎవరైనా ఉన్నారా?" అని మర్యాదగా అడిగితే చాలు. షోలాపురం వంటి ఊరిలో తెలుగు తెలిసినవారు ఏ వార్డులోనైనా ఒకరు దొరుకుతారు. అడగడమే మనవారికి అలవాటు లేదు.

ఈ ఊరివాడే అయిన డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ సంగతి పెద్దలు వినే ఉంటారు. 1910లో షోలాపురంలో పుట్టి, 1938లో అయిదుగురు డాక్టర్ల బృందంతో చైనాకు పోయి, యుద్ధంలో గాయపడిన సైనికులకు శస్త్రచికిత్సలు చేసి, 1942లో 32 ఏళ్ల వయస్సులో అక్కడే కన్నుమూశారు. ఆయన చైనాభాష నేర్చుకుని రోగులతో వారి మాటలలోనే మాట్లాడేవారు. షోలాపురం డాక్టరు చైనా మాట నేర్చుకోగా, షోలాపురం ఆసుపత్రులలో నాలుగు తెలుగు మాటలు నేర్చుకోవడం ఎవరికీ కష్టం కాదని మా నమ్మకం.

భాషతో ముడిపడినదే సంతకం. శస్త్రచికిత్సకు ముందు ఇచ్చే కాగితం ఏ భాషలో ఉన్నా, అందులో ఏమున్నదో తెలిసిన తరువాతనే సంతకం గాని వేలిముద్ర గాని వేయవలెను. 2008లో సుప్రీంకోర్టు తీర్పు ఒకటి ఇక్కడ చెప్పదగినది. ఢిల్లీలో 44 ఏళ్ల స్త్రీ గొట్టం పెట్టి లోపల పరీక్ష చేయడానికి ఒప్పుకున్నది. ఆమె మత్తులో ఉండగా బయటనున్న తల్లిచేత సంతకం పెట్టించి గర్భసంచి తీసివేశారు. ప్రాణాపాయం లేనపుడు, వయస్సు వచ్చి తెలివిగల రోగికి బదులు తల్లి సమ్మతి చెల్లదని కోర్టు తేల్చింది. తల్లిదే చెల్లనపుడు, భర్తది, అన్నది, కులపెద్దది చెల్లుతుందనుకోవడం భ్రమ. మన ఇండ్లలో ఆడవారి ఒంటికి మగవారు సంతకం పెట్టే ఆచారం ఇంకా పోలేదు. పోవలెను.

మగ్గం పని ఒంటిమీద వేసే ముద్రలు ఆసుపత్రిలో మరొక విధంగా అడ్డుపడతాయి. పవర్‌లూమ్ షెడ్డులో ఏళ్ల తరబడి పనిచేసినవారికి చెవి మందగించడం తెలిసినదే. షెడ్డులో వారు పెదవులు చూసి మాట పోల్చుకుంటారు. ఆసుపత్రిలో ముఖానికి గుడ్డ కట్టుకున్న డాక్టరు ఎదుట ఆ విద్య పనికిరాదు. కాంపౌండరు పేరు పిలుస్తాడు, ఇతనికి వినబడదు, పిలుపు దాటిపోతుంది, మరల వరుసలో చివర నిలబడతాడు. చీటీ తీసుకునేటప్పుడే, "నాకు చెవి సరిగా వినబడదు, చేతితో సైగచేయండి" అని చెప్పవలెను. చప్పుడువల్ల వచ్చే చెవుడు కార్మిక బీమా పరిహారానికి అర్హమైన వృత్తి వ్యాధులలో ఒకటని చాలమందికి తెలియదు. ఇక గుంటమగ్గం మీద ముప్పైయేళ్లు తొక్కినవారి మోకాళ్ల సంగతి! కింద కూర్చుని లేవలేని మనిషికి ఆసుపత్రి మరుగుదొడ్డే పెద్ద పరీక్ష. అందుకు భయపడి మంచినీళ్లు తాగడం మానుకున్న పెద్దలను మేమెరుగుదుము. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రులూ ప్రైవేటు ఆసుపత్రులూ అన్ని భాగాలకూ అడ్డంకిలేని దారి ఉంచవలెననీ, వికలాంగులను ముందుగా చూడవలెననీ అందులో ఉన్నది. ఇది చేతికర్ర పట్టినవారికి మాత్రమే కాదు, చెవిటివారికీ గుడ్డివారికీ వర్తిస్తుంది.

డబ్బు విషయంలో, ఎవరిని లెక్కలో చేర్చారు, ఎవరిని విడిచారు అన్నది చూడవలెను. ఉద్యోగుల రాజ్య బీమా 1948 చట్టంతో ఏర్పడి, 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులోనూ ఢిల్లీలోనూ మొదలైనది. జీతం పరిమితి 2017లో 21,000 రూపాయలకు పెంచారు. 2019 జూలైలో కార్మికుని వంతు నూటికి ముప్పాతిక, యజమాని వంతు నూటికి మూడుంబావుగా తగ్గించారు. మంచి పథకమే. కాని ఇంట మగ్గం నేసుకునేవానికి యజమాని లేడు గనుక అది అతన్ని అంటలేదు. 2005-06లో చేనేతవారికి వేరుగా ఆరోగ్యబీమా పెట్టారు. ఏడాదికి 15,000 రూపాయలు, నేతగాడు, భార్య, ఇద్దరు పిల్లలు. అంతే. మూడవ బిడ్డకు లేదు, ముసలితల్లికి లేదు. 2008లో వచ్చిన రాష్ట్రీయ స్వాస్థ్య బీమాలో 30,000 రూపాయలు, కుటుంబానికి అయిదుగురు. ఆరుగురున్న ఇంట ఎవరి పేరు వదలివేసినారో పాతకార్డులు తీసి చూచుకుంటే మీకే తెలుస్తుంది. మేము చూచిన కార్డులలో ఎక్కువగా విడిచినది అవ్వ పేరే. నూలు వడికి, కండె చుట్టి, ఆ ఇంటిని నిలబెట్టిన చేతులవి.

2018 సెప్టెంబరు 23న ఆరంభమైన ఆయుష్మాన్ భారత్‌లో ఈ లెక్క మార్చారు. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయలు, తలల లెక్క లేదు, వయస్సు లెక్క లేదు. 2024 అక్టోబరులో 70 ఏళ్లు దాటినవారందరినీ, ఆదాయంతో పనిలేకుండా, చేర్చారు. కార్డు ఒక రాష్ట్రంలో తీసుకుని మరొక రాష్ట్రంలో పథకంలో చేరిన ఆసుపత్రిలో వాడుకోవచ్చు. ఒడిశా 2025 ఏప్రిల్‌లో చేరింది గనుక, బరంపురం నుండి సూరతుకు పనికిపోయిన మనవారికి ఇది ముఖ్యం. అయితే మొదటి జాబితా 2011 నాటి సర్వే మీద ఆధారపడినది. ఆనాడు ఊరు విడిచి వలసలో ఉన్నవారు ఆ జాబితాలో తప్పిపోవడం వింత కాదు. రాష్ట్రాల పథకాలు వేరే ఉన్నవి. మహారాష్ట్రలో 2012లో మొదటి విడతగా 8 జిల్లాలలో పెట్టిన జీవన్‌దాయీ పథకంలో షోలాపురం జిల్లా ఒకటి. 2017 నుంచి అది మహాత్మా జోతిరావ్ ఫూలే పేరుతో నడుస్తున్నది. యానాంవారి చిక్కు మరొక తీరు. దగ్గరి పెద్దాసుపత్రి కాకినాడలో ఉన్నది, భాష మనదే. కాని యానాం పుదుచ్చేరిది, కాకినాడ ఆంధ్రప్రదేశ్‌ది. మాట కలిసినా కార్డు కలవదు. కాబట్టి బయలుదేరే ముందే ఏ కార్డు అక్కడ చెల్లుతుందో విచారించుకోవలెను.

మహారాష్ట్రలో ఉన్నవారికి మరొక సంగతి. ధర్మాదాయ ట్రస్టుల క్రింద నమోదైన ఆసుపత్రులు నూటికి 10 పడకలు నిరుపేదలకు ఉచితంగానూ, మరి 10 పడకలు తక్కువ ఆదాయంవారికి రాయితీమీదనూ ఇవ్వవలెనని బొంబాయి హైకోర్టు 2006లో ఆమోదించిన పథకం చెబుతున్నది. పెద్దపెద్ద అద్దాల ఆసుపత్రులు కూడ ఈ ట్రస్టులలో ఉన్నవి. లోపలికి పోవడానికే మనవారు జంకుతారు. అక్కడ మెడికల్ సోషల్ వర్కరు అనే ఉద్యోగి ఉంటారు. రేషన్ కార్డు, ఆదాయపు పత్రం పట్టుకుని, బిల్లు పడకముందే, చేరే రోజుననే ఆయనను కలవవలెను. డిశ్చార్జి నాడు అడిగితే పని జరగడం కష్టం.

ఇంతవరకు ఇతరులు మనకు చేయవలసినది చెప్పాము. మనం ఇతరులకు చేయవలసినదీ ఉన్నది. షోలాపురంలో సహకార పద్ధతిన నడిచే ఆసుపత్రులున్నవి, మార్కండేయుని పేర ఉన్న ఆసుపత్రీ ఉన్నది. మన సంఘాలు ఊరూరా కంటి శిబిరాలు, రక్తపరీక్షలు పెడుతున్నవి. అటువంటప్పుడు, "మన డబ్బుతో పెట్టినది, మనవారికే చాలదు, ఇతరులకెందుకు?" అని సభలలో ఒకరిద్దరు లేస్తారు. పైన చెప్పిన 1955 చట్టం సంగతి వారికి ఒక జవాబు. రెండవ జవాబు మగ్గమే చెబుతుంది. షెడ్డులో మన పక్కన మోమిన్ సోదరుడు నేస్తాడు, దళిత సోదరుడు బేళ్లు మోస్తాడు, ఉత్తరాది కుర్రవాడు రాత్రి పాళీ చూస్తాడు. దూదిదుమ్ము అందరి రొమ్ములోకీ పోతుంది. శిబిరం పెట్టినపుడు ఆ కుర్రవానికి హిందీలో ఒక ముక్క చెప్పేవారు లేకపోతే, మరాఠీ ఆసుపత్రిలో మన ముసలమ్మ పడిన అవస్థే మనం అతనికి పెట్టినవారమవుతాము. క్షయ ఉన్నవారిని, కుష్ఠు ఉన్నవారిని, హిజ్రాలను వరుసలో వెనక్కు నెట్టడం కూడ ఇటువంటిదే. ఆసుపత్రి కమిటీలలో స్త్రీలు ఎంతమంది? మహారాష్ట్ర సహకార చట్టం పాలకవర్గంలో స్త్రీలకు రెండు స్థానాలు కేటాయించింది. కొన్నిచోట్ల ఆ రెండింటిలో డైరెక్టర్ల భార్యల పేర్లు రాసి, సభకు డైరెక్టర్లే వస్తున్నారు. స్త్రీల వార్డుకు తలుపు గడియ లేదన్న మాట అటువంటి సభలో ఎవరు ఎత్తుతారు?

మా సంఘంలో ప్రస్తుతం రెండు పనులు తలపెట్టాము. మొదటిది, వారానికి రెండు ఉదయాలు మరాఠీ బాగా వచ్చిన ఇద్దరు పెద్దవారు, అందులో ఒకరు స్త్రీ, ఆసుపత్రి చీటీల కిటికీ దగ్గర కూర్చోవడం. విన్నమాట బయట చెప్పబోమని వారిచేత ముందే మాట తీసుకున్నాము. ఇది లేకపోతే ఎవరూ వారివద్దకు రారు. రెండవది, జబ్బులకు మన ఇండ్లలో వాడే మాటల పట్టిక. ఒక వరుస తెలుగు, ఎదుట వరుస ఆయా రాష్ట్రభాష. దమ్ము, ఆయాసం, దడ, కళ్లు తిరగడం, గుంజడం, లాగడం, పొడవడం, మంట, తిమ్మిరి, తెల్లబట్ట, ముట్టు తప్పడం, ఇటువంటివన్నీ సిగ్గుపడక రాయవలెను. షోలాపురం మాటలు 60 దాకా కూడినవి. సేలము, బళ్ళారి, బరంపురం, యానాం శాఖలవారు తమ తమ ప్రాంతపు మాటలు, ముఖ్యంగా స్త్రీలను అడిగి, వచ్చే నెల 15వ తేదీలోగా సంఘ కార్యాలయానికి పంపవలసినదిగా కోరుతున్నాము. అందిన మాటలన్నీ పత్రికలో అచ్చువేసి, విడిగా కొన్ని ప్రతులు ఆసుపత్రులకు కూడ ఇస్తాము.